కేఎస్‌ఆర్ బెంగళూరులో దిగి నాలుగైదు గంటలు ఖాళీ ఉంటే, నడిచి తాగాల్సిన కాఫీలు

మీ ప్రశ్న ఇదీ: రాత్రి రైలెక్కి ఉదయం ఆరు ప్రాంతంలో కేఎస్‌ఆర్ బెంగళూరులో, అంటే ఊరి ప్రధాన రైల్వే స్టేషన్‌లో దిగుతారు. మైసూరు రైలు పదకొండుకి. మీతో 66 ఏళ్ల నాన్నగారు ఉంటారు. ఆయనకు షుగరు ఉంది, ఫిల్టర్ కాఫీ అంటే ప్రాణం. స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో మంచి కాఫీ ఎక్కడ దొరుకుతుంది, అన్నీ చూసుకుని రైలుకి వేళకు రాగలమా?

రాగలరు. కానీ వారంలో ఏ రోజు వెళ్తున్నారో మీరు రాయలేదు. జవాబులో సగం దానిమీదే ఉంది. బెంగళూరులో పేరున్న పాత హోటళ్లకు వారానికో సెలవు ఉంటుంది, అదీ తలో రోజు. శంకరపురంలోని బ్రాహ్మిణ్స్ కాఫీ బార్‌కి ఆదివారం సెలవు. గాంధీ బజార్‌లోని విద్యార్థి భవన్‌కి శుక్రవారం. లాల్‌బాగ్ రోడ్డులోని ఎంటీఆర్‌కి సోమవారం. ఇది తెలియక శుక్రవారం పొద్దున్నే విద్యార్థి భవన్ ముందు దిగి, మూసిన తలుపులు చూసి వెనక్కి వచ్చే బయటూరివాళ్లు చాలామంది. టికెట్ మీద తేదీ చూసుకుని, అది ఏ వారమో ముందు తేల్చుకోండి. పండగ రోజైతే ముందురోజు ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక అసలు సలహా. కాఫీ కోసం స్టేషన్ గుమ్మం నుంచే నడక మొదలుపెట్టొద్దు. మెట్రోలో మూడు స్టేషన్లు వెళ్లి నేషనల్ కాలేజ్‌లో దిగి, అక్కడినుంచి నడవండి. స్టేషన్‌కి ఆనుకుని ఉన్న మెజెస్టిక్, గాంధీనగర్ చుట్టుపక్కల హోటళ్లకు కొదవేమీ లేదు. అక్కడ కాఫీ ఒక్కచోటా బాగుండదనీ అనను. అయితే ఆ గిరాకీలో ఎక్కువ భాగం బస్సో రైలో మారుతూ ఒక్కసారి వచ్చిపోయేవాళ్లది. డికాక్షన్ పలచబడినా అడిగేవాడు రేపు మళ్లీ రాడు. నేషనల్ కాలేజ్ దగ్గరున్న బసవనగుడి, శంకరపురంలో అలా నడవదు. వాకింగ్ ముగించుకుని రోజూ అదే వేళకు, అదే కౌంటర్ దగ్గర నిలబడే పెద్దలు అక్కడ ఉన్నారు. చికోరీ (కాఫీ పొడిలో కలిపే ఒక వేరు పొడి) కాస్త పెరిగినా, పాలు మాడినా ఆ పూటే చెప్పేస్తారు. రోజూ వచ్చే మనుషులున్న చోటే కాఫీ నిలకడగా ఉంటుంది. తెలియని ఊళ్లో కాఫీ వెతుక్కునే వాళ్లకు ఇంతకంటే నమ్మకమైన గుర్తు లేదు.

సామాను సంగతి ముందు చూడండి, ఎందుకంటే ఈ ప్లాన్ చెడేది ఎక్కువగా అక్కడే. సూట్‌కేసులు లాక్కుంటూ బసవనగుడి ఫుట్‌పాత్‌ల మీద నడవలేరు. రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, చెట్ల వేళ్లు పైకి తేలి ఉంటాయి, ప్రతి సందు మొగలోనూ ఓ మెట్టు దిగి ఓ మెట్టు ఎక్కాలి. మెట్రోలో కూడా పెట్టె సైజుకీ బరువుకీ పరిమితి ఉంది: 60 × 45 × 25 సెంటీమీటర్లు, 15 కిలోలు. అంతకు మించితే విడిగా లగేజీ టికెట్ తీసుకోవాల్సి రావచ్చు. కాబట్టి రైల్వే క్లోక్‌రూమ్‌లో పెట్టేయండి. అక్కడ తాళం వేసిన పెట్టెలే తీసుకుంటారు, రైలు టికెట్ చూపించాలి. జిప్‌కి చిన్న తాళం లేని బ్యాగుని తీసుకోరు. ఇంటి దగ్గరే ప్రతి బ్యాగుకీ ఓ తాళం వేసుకుని బయలుదేరితే, ఆ వేళప్పుడు తాళాల కోసం తిరగక్కర్లేదు. నాన్నగారి మాత్రలు, నీళ్ల సీసా, రెండు బిస్కెట్లు చేతిసంచిలో ఉంచుకోండి, పెట్టెలో పడేయొద్దు. రసీదు ఫోటో తీసి పెట్టుకోండి.

స్టేషన్ ముందువైపు, అంటే ఒకటో ప్లాట్‌ఫారం వైపు బయటికి వస్తే రోడ్డు కింద నుంచి బస్టాండుకి సబ్‌వే ఉంటుంది. దాన్లోంచి మెజెస్టిక్ మెట్రోకి బోర్డులు పట్టుకుని వెళ్లండి. పెద్దాయనతో పది, పన్నెండు నిమిషాల నడక అనుకోండి. స్టేషన్ వెనకవైపు మెట్రో పర్పుల్ లైన్ మీద క్రాంతివీర సంగొళ్లి రాయణ్ణ మెట్రో స్టేషన్ ఉంది. మీ రైలు వెనకవైపు ప్లాట్‌ఫారం మీద ఆగితే అదే దగ్గర. కాకపోతే అక్కడ ఎక్కి ఒక్క స్టేషన్ వెళ్లి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారాలి. మీరు క్లోక్‌రూమ్‌కి వెళ్లాలి గనక ముందువైపే సుఖం. గ్రీన్ లైన్‌లో సిల్క్ ఇన్‌స్టిట్యూట్ వైపు వెళ్లే రైలు ఎక్కండి. చిక్‌పేట, కేఆర్ మార్కెట్, ఆ తర్వాత నేషనల్ కాలేజ్. మార్కెట్ దాటాక రైలు భూగర్భంలోంచి పైకి వచ్చి వంతెన మీదికి ఎక్కుతుంది. వెలుతురు కనిపించగానే లేచి నిలబడితే సరిపోతుంది. టికెట్‌ని ఫోన్‌లో క్యూఆర్‌గా ముందే తీసుకుంటే లైను తప్పుతుంది. పొద్దున్నే రైళ్ల మధ్య విరామం కాస్త ఎక్కువ, ఆదివారం మెట్రో మిగతా రోజులకంటే ఆలస్యంగా మొదలవుతుంది. ఆదివారం ఆరింటికి దిగితే ఆటోయే పట్టుకోవాలి. ఆ రోజు బ్రాహ్మిణ్స్ కూడా ఉండదు గనక నేరుగా గాంధీ బజార్ చెప్పండి.

నేషనల్ కాలేజ్ స్టేషన్ ఎత్తు మీద ఉంటుంది. నాన్నగారికి మోకాళ్ల నొప్పులుంటే లిఫ్ట్ ఉన్న గేటు అడిగి దిగండి. కింద రోడ్డు దాటడం ఒక్కటే కష్టం. ఫ్లైఓవర్ కింద వాహనాలు నాలుగు వైపుల నుంచి తిరుగుతాయి, సిగ్నల్ పడేదాకా ఆగండి.

మొదటి మజిలీ బ్రాహ్మిణ్స్ కాఫీ బార్. శంకరపురం, రంగారావు రోడ్డు. దారి అడిగేటప్పుడు 'శంకర మఠం' అని అడగండి, హోటల్ పేరుకంటే అది తొందరగా చెప్తారు. మెట్రో నుంచి కిలోమీటరుకి అటూ ఇటూ. నిదానంగా నడిస్తే పదిహేను నిమిషాలు. 1965 నుంచి ఉన్న చోటు. మెనూ మీ అరచేతిలో పడుతుంది: ఇడ్లీ, వడ, ఖారా బాత్ (ఉప్మా లాంటిది), కేసరి బాత్ (తీపి రవ్వ కేసరి), కాఫీ, టీ. సాంబారు ఉండదు. సాంబారు ఏదని అడిగి నిరాశపడే తెలుగువాళ్లు ఎక్కువ కాబట్టి ముందే చెప్తున్నాను. కొబ్బరి చట్నీ మాత్రం పక్కన ఒక మనిషి గరిటెతో ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు పోస్తాడు. ఇడ్లీ ఆ చట్నీలో నానితేనే దాని రుచి, విడిగా ముంచుకుని తినే పద్ధతి అక్కడ లేదు.

కూర్చోడానికి కుర్చీలుండవు. నిలబడి తినాలి, లేకపోతే రోడ్డు అంచున గట్టు మీద కూర్చోవాలి. మీకు ఫర్వాలేదు, నాన్నగారి సంగతి ఆలోచించుకోండి. ఆయన పావుగంట నిలబడలేరంటే గట్టు మీద నీడలో కూర్చోబెట్టి, ప్లేటు మీరు తీసుకెళ్లి ఇవ్వడం మేలు. ఏడు, ఏడున్నర మధ్య జనం ఓ మాదిరిగా ఉంటారు. ఎనిమిదిన్నర దాటితే, అందులోనూ శనివారం, లైను రోడ్డు మీదికి వస్తుంది.

ఆర్డర్ ఇచ్చే పద్ధతి బెంగళూరు దర్శినులన్నిట్లోనూ ఒకటే. దర్శిని అంటే నిలబడి తినే సెల్ఫ్ సర్వీసు హోటలు. ముందు క్యాష్ దగ్గర డబ్బు కట్టి చీటీ తీసుకోవాలి, తర్వాత ఆ చీటీని ఇచ్చే కౌంటర్ దగ్గర చూపించాలి. టిఫినుకీ కాఫీకీ ఒకేసారి చీటీ రాయించుకుంటే రెండోసారి లైన్లో నిలబడక్కర్లేదు. కాకపోతే కాఫీ చీటీని జేబులో ఉంచుకుని, ఇడ్లీ తినడం పూర్తయ్యాకే ఇవ్వండి. రెండూ ఒకేసారి ఇస్తే మీరు చట్నీ పోయించుకునేలోగా కాఫీ చల్లారిపోతుంది. చాలామంది చేసే పొరపాటు ఇదే. తర్వాత 'కాఫీ అంత గొప్పగా లేదు' అంటారు.

చక్కెర సంగతి జాగ్రత్తగా చదవండి. ఇలాంటి చోట్ల గ్లాసుల అడుగున చక్కెర ముందే వేసి వరసగా పేర్చి పెడతారు. దాని మీద డికాక్షన్, ఆపైన మరిగే పాలు పోస్తారు. క్యాష్ దగ్గర 'షుగర్ లేకుండా' అని చెప్తే ఆ మాట కాఫీ కలిపే మనిషికి చేరదు. చీటీ ఇచ్చేటప్పుడు కాఫీ కౌంటర్ దగ్గరే 'సక్కరె బేడ' అనండి. తక్కువ చాలనుకుంటే 'సక్కరె కమ్మి'. చిక్కగా కావాలంటే 'స్ట్రాంగ్ ఇరలి'. తెలుగులో చెప్పినా చాలాచోట్ల అర్థం చేసుకుంటారు, కానీ రద్దీలో రెండు కన్నడ మాటలు పని వేగంగా చేస్తాయి. ఆ మనిషి ఖాళీ గ్లాసు కొత్తది తీసుకున్నాడో లేదో కళ్లతో చూడండి. అడుగున చక్కెర ఉన్న గ్లాసులోనే పోసి, కలపకుండా ఇస్తే 'లేనట్టే' అనుకునేవాళ్లూ ఉంటారు. మొదటి గుక్క చప్పగానే ఉంటుంది, చివరి రెండు గుక్కలూ పానకం. షుగరు పెరగడానికి అది చాలు.

'బై టూ' అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఒక కాఫీని రెండు గ్లాసుల్లో సగం సగం పోసి ఇస్తారు. బెంగళూరులో అది పిసినారితనం కింద లెక్క కాదు, రోజూ జరిగే మామూలు విషయం. మీరు మూడు గంటల్లో రెండు చోట్ల కాఫీ తాగబోతున్నారు. నాన్నగారి వయసుకి రెండు పూర్తి గ్లాసులు ఎక్కువ. మొదటిచోట పూర్తి గ్లాసు, రెండోచోట బై టూ తీసుకుంటే ఆయనకి మొత్తం ఒకటిన్నర గ్లాసవుతుంది. ఖాళీ కడుపుతో కాఫీ పడితే కొందరికి కడుపులో మంట వస్తుంది. రాత్రంతా రైల్లో నిద్రలేని కడుపైతే మరీను. అందుకే ముందు ఇడ్లీ. కేసరి బాత్ ఆయన ప్లేటులో వద్దు. చౌ చౌ బాత్ అని అడిగితే ఖారా, కేసరి రెండూ కలిపి ఇస్తారు గనక ఆ మాట అనకండి.

ఇక కాఫీ మంచిదా కాదా ఎలా తెలుస్తుంది? పేర్లకంటే ఇది తెలుసుకోవడమే ముఖ్యం. తెలిస్తే మైసూరులోనైనా, చెన్నైలోనైనా, మీ ఊరి స్టేషన్ ఎదురుగానైనా పనికొస్తుంది.

ముందు డికాక్షన్ చూడండి. హోటళ్లలో పెద్ద స్టీలు ఫిల్టర్‌లోనో బట్ట సంచిలోనో పొడి వేసి మరిగే నీళ్లు పోసి దింపుతారు. దింపిన మొదటి అరగంట, ముప్పావు గంట దాని మంచి వేళ. ఆ తర్వాత వాసన తగ్గుతూ పోయి పులుపు తేలుతుంది. దాన్ని నేరుగా మంట మీద పెట్టి వెచ్చబెడితే మాడు చేదు వస్తుంది. వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి ఉంచిన చోట ఈ చెడు నెమ్మదిగా జరుగుతుంది. గిరాకీ ఎక్కువున్న చోట కాఫీ బాగుండడానికి కారణం మంత్రమేమీ లేదు, డికాక్షన్ నిలవుండడానికి సమయమే దొరకదు. అదే హోటల్లో పదకొండు దాటాక, టిఫిన్ గిరాకీ సన్నగిల్లాక తాగండి, తేడా నాలుకకే తెలుస్తుంది. కాబట్టి మీరు వెళ్లే ఏడు, తొమ్మిది మధ్య వేళ చాలా మంచిది.

రెండోది పాలు. వెడల్పాటి గిన్నెలో పాలు పొంగుతూ, ఎప్పటికప్పుడు కొత్త పాలు పడుతుంటే మంచిది. అదే గిన్నె గంటలకొద్దీ సన్నమంట మీద ఉండి, అంచుల వెంట గోధుమరంగు చారలు కట్టి ఉంటే కాఫీలో మాగిన పాల వాసన వస్తుంది, డికాక్షన్ ఎంత బాగున్నా దాన్ని మింగేస్తుంది. మూడోది గ్లాసు. చన్నీళ్లలో కడిగిన స్టీలు గ్లాసులో పోస్తే కొంత వేడి గ్లాసుకే పోతుంది. వేడినీళ్లలో ముంచి తీసిన గ్లాసైతే చివరి గుక్కదాకా వేడిగా ఉంటుంది.

రుచి చెడితే కారణం ఎక్కడుందో నాలుకే చెప్తుంది. పులుపు తగిలితే డికాక్షన్ పాతది. మాడు చేదు తగిలితే డికాక్షన్‌ని మళ్లీ మరిగించారు. రంగుంది కానీ వాసన లేదు, నీళ్లగా ఉందంటే ఒకసారి దింపిన పొడి మీదే మళ్లీ నీళ్లు పోసిన రెండో డికాక్షన్. నల్లగా, చిక్కగా ఉంది, నాలుక మీద బెల్లపు పాకం లాంటి చేదు నిలిచిపోతోంది అంటే చికోరీ వంతు ఎక్కువ. చికోరీలో కెఫీన్ ఉండదు. కాబట్టి నల్లగా ఉన్నంత మాత్రాన అది స్ట్రాంగ్ కాఫీ అనుకోవద్దు. చికోరీ కలపడం మోసం కూడా కాదు, దక్షిణాది ఫిల్టర్ కాఫీ రుచిలో అదొక భాగం. పదికి రెండు పాళ్లుంటే చిక్కదనం ఇస్తుంది, మూడు దాటాక కాఫీ వాసన వెనక్కి తగ్గుతుంది. అమ్మే పొట్లం మీద ఎంత శాతమో రాయాలని, కాఫీ 51 శాతానికి తగ్గకూడదని నిబంధన ఉంది.

శంకరపురం నుంచి గాంధీ బజార్‌కి నడక పదిహేను, ఇరవై నిమిషాలు. రామకృష్ణ ఆశ్రమం గుర్తు పెట్టుకుని దక్షిణంగా వెళ్లండి. తిన్న ఇడ్లీ అరగడానికి ఈ నడక కావాలి కూడా. ఉదయం ఎనిమిది లోపు ఈ వీధులు ప్రశాంతంగా ఉంటాయి. పెద్ద చెట్లు, పాత ఇళ్ల ముందు ముగ్గులు, గుళ్లకి వెళ్లేవాళ్లు. నాన్నగారు నడవలేనంటే ఇక్కడ ఆటో ఎక్కించేయండి, మొండికేసి నడిపించొద్దు. దగ్గర దూరమని ఆటోవాళ్లు వెనకాడితే బుల్ టెంపుల్ రోడ్డు మీదికి వచ్చి అడగండి, అక్కడ తొందరగా దొరుకుతాయి.

కార్తీక మాసం చివరి సోమవారం ముందూ వెనకా వెళ్లేటట్టయితే మాత్రం ఈ లెక్క తప్పుతుంది. బుల్ టెంపుల్ రోడ్డు పొడవునా కడలెకాయి పరిషె, అంటే వేరుశనక్కాయల జాతర జరుగుతుంది. ఆ రోజుల్లో ఆ దారిన వేగంగా నడవడం కుదరదు. జాతర చూడాలనుంటే వేరే సంగతి, అప్పుడు మైసూరు రైలు సాయంత్రానికి పెట్టుకోండి.

రెండో మజిలీ విద్యార్థి భవన్, 1943 నాటిది. మసాలా దోశకి పేరు. అంచులు కరకరలాడుతూ, మధ్యలో మందంగా, నెయ్యి వాసనతో ఉంటుంది. సర్వర్లు ఒక చేతి మీద దోశ ప్లేట్లు మెట్లు మెట్లుగా పేర్చుకుని వస్తారు. చూడాల్సిన దృశ్యమే. ఇక్కడ కూర్చుని తినొచ్చు, అందుకే నాన్నగారి కోసం దీన్ని రెండోదిగా పెట్టాను. బల్లలు పంచుకోవాలి, ఎదురుగా తెలియనివాళ్లు కూర్చుంటారు, అది అక్కడి మామూలు. లోపలికి వెళ్లేముందు పేరు రాసుకునే మనిషి ఉంటే పేరు రాయించి బయట ఆగండి. మామూలు రోజు ఎనిమిది లోపు వెళ్తే పది, పదిహేను నిమిషాల్లో పిలుస్తారు. శని, ఆదివారాల్లో ముప్పావు గంట దాకా పట్టొచ్చు. ముప్పావు గంట పైన అని చెప్తే ఆగొద్దు, రైలుంది.

ఇద్దరికీ కలిపి ఒక మసాలా దోశ, ఒక బై టూ కాఫీ చెప్పండి. ఇంతకుముందే ఇడ్లీ తిన్నారు గనక అది చాలు. కాఫీని దోశ ముగిశాకే తెమ్మని సర్వరుకి చెప్పండి, లేకపోతే రెండూ కలిపి తెచ్చి పెట్టేస్తారు. చక్కెర మాట ఇక్కడ సర్వరుకే చెప్పాలి. ఆయన వంటింట్లో చెప్పాడో లేదో అనుమానం ఉంటే, నాన్నగారి చేతికి ఇచ్చేముందు మీరో చుక్క రుచి చూడండి.

శుక్రవారమైతే దీని బదులు డీవీజీ రోడ్డులోని మహాలక్ష్మి టిఫిన్ రూమ్‌కి వెళ్లండి. అదీ పాతకాలపు చోటే, పేరు పెద్దగా బయటికి రాలేదు గనక రద్దీ తక్కువ. ఇంకా చెప్పాలంటే, కాఫీ ఒక్కటే లక్ష్యమైతే విద్యార్థి భవన్ తెరిచి ఉన్న రోజు కూడా లైను పెద్దదిగా ఉంటే అక్కడికే పోవడం తెలివైన పని. ఎంటీఆర్ పేరు మీరు తప్పకుండా వినే ఉంటారు. 1924 నాటిది, రవ్వ ఇడ్లీ యుద్ధకాలంలో బియ్యం కొరత వచ్చినప్పుడు అక్కడే పుట్టిందని వాళ్లు చెప్పుకుంటారు. మంచి చోటే. కానీ నేషనల్ కాలేజ్ నుంచి నడవడానికి పాతిక నిమిషాలు, లోపల వేచి ఉండడానికి మరో అరగంట తింటుంది. గాంధీ బజార్‌తో కలిపి ఒకే ఉదయం పెట్టుకుంటే రెండూ పరుగుగానే ముగుస్తాయి. దానికి ఇంకో ప్రయాణం ఉంచుకోండి.

తొమ్మిది ప్రాంతంలో గాంధీ బజార్ దుకాణాలు ఒక్కొక్కటే తెరుస్తారు. కాఫీ పొడి కొనాలంటే ఇదే చోటు. కళ్లముందు గింజలు మర ఆడించి ఇచ్చే దుకాణం చూసుకోండి. దుకాణదారు మూడు ప్రశ్నలు వేస్తాడు: ఏ గింజ, చికోరీ ఎంత, పొడి ఎలా. ఇంట్లో స్టీలు ఫిల్టర్ ఉంటే 'ఫిల్టర్‌కి' అంటే చాలు, దానికి తగ్గ పలుకుగా ఆడిస్తారు. మరీ మెత్తగా ఆడిస్తే ఫిల్టర్ రంధ్రాలు మూసుకుపోయి డికాక్షన్ దిగదు, బరకగా ఉంటే గబగబా దిగి నీళ్లలా ఉంటుంది. గింజ సంగతికొస్తే, అరబికా, రొబస్టా అని కాఫీ గింజల్లో రెండు జాతులు. ప్లాంటేషన్ ఏ అన్నది అరబికా రకం, వాసనకి. పీబెర్రీ, అంటే కాయలో ఒంటిగా పెరిగే గుండ్రటి గింజ, రెండు జాతుల్లోనూ ఉంటుంది. రొబస్టా చిక్కదనానికీ చేదుకీ. ఇంట్లో పాలు ఎక్కువ పోసుకునే అలవాటుంటే రొబస్టా కాస్త కలిపితేనే పాలలో కాఫీ నిలుస్తుంది. మొదటిసారి కొనేవాళ్లు ఎనభై-ఇరవై, అంటే కాఫీ ఎనభై శాతం, చికోరీ ఇరవై శాతం అడిగి, పావుకిలో మించి కొనకండి. ఆడించిన పొడి వాసన రెండు వారాల్లోనే సగం ఎగిరిపోతుంది, కిలో కొని రెండు నెలలు దాచుకుంటే గాంధీ బజార్ దాకా వచ్చి కొన్న ఫలితం దక్కదు.

పొట్లం మైసూరు దాకా, తర్వాత ఇంటిదాకా మీతో వస్తుంది గనక ఒక మాట. తాజాగా వేయించిన గింజల పొడి లోపలి నుంచి గాలి వదులుతూనే ఉంటుంది. గాలి చొరకుండా ప్లాస్టిక్ సంచిలో గట్టిగా అంటించేస్తే అది ఉబ్బొచ్చు, ఒక్కోసారి అంటు విడిపోయి బ్యాగంతా పొడే. కాగితపు పొట్లంలో కట్టించి, దాన్ని ఓ వదులైన కవర్లో పెట్టి, ఇంటికెళ్లాక గట్టి మూత డబ్బాలో పోయండి.

మొత్తం వేళ ఇలా పడుతుంది. ఆరింటికి దిగి, ఆరున్నరకి క్లోక్‌రూమ్ పని అయి, ఏడుకి నేషనల్ కాలేజ్. ఏడుంపావు నుంచి ఏడుముప్పావు దాకా బ్రాహ్మిణ్స్. ఎనిమిదికల్లా గాంధీ బజార్. తొమ్మిదికి దోశ, కాఫీ పూర్తి. తొమ్మిదిన్నరకి పొడి కొని బయలుదేరితే పదికల్లా మెజెస్టిక్, పదింబావుకి పెట్టెలు చేతిలో. మీ రైలు ప్లాట్‌ఫారం వెతుక్కుని, ఓవర్‌బ్రిడ్జి ఎక్కించడానికి నాన్నగారికి ఇంకా అరగంట పైనే మిగులుతుంది. తొమ్మిది ముప్పావు దాటాక గాంధీ బజార్‌లో ఉండొద్దు. ఆ వేళకి మెట్రోలో ఆఫీసుల జనం, సెక్యూరిటీ లైను రెండూ ఉంటాయి.

మీ మొదటి రైలు గంట ఆలస్యమైతే బ్రాహ్మిణ్స్ వదిలేసి నేరుగా గాంధీ బజార్‌కి వెళ్లండి, పొడి కొనడం ఉంచుకోండి. రెండు గంటలు ఆలస్యమైతే నేషనల్ కాలేజ్ ఆలోచనే మానేసి, బళేపేటలోని ఉడుపి శ్రీకృష్ణ భవన్‌కి నడవండి. స్టేషన్ ముందువైపు నుంచి పావుగంట, ఇరవై నిమిషాలు. సాగు (కూరగాయల కుర్మా లాంటి కూర) పెట్టిన మసాలా దోశకి పేరున్న పాత చోటు, కూర్చునే వీలుంది, కాఫీ మర్యాదగా ఉంటుంది. బళేపేట దారులు ఇరుకు, తొమ్మిది దాటితే బళ్లతో కిక్కిరిసిపోతాయి, నాన్నగారి చెయ్యి పట్టుకునే నడవండి. గంటన్నర కంటే తక్కువ సమయం చేతిలో ఉంటే స్టేషన్ వదిలి బయటికి పోకండి.

టికెట్ మీద స్టేషన్ పేరు మళ్లీ ఒకసారి చూడండి. తెలుగు రాష్ట్రాల నుంచి బెంగళూరు వచ్చే రైళ్లు చాలావరకు యశ్వంతపూర్‌లోనో, బయ్యప్పనహళ్లి వైపున్న ఎస్‌ఎంవీటీ (సర్ ఎం. విశ్వేశ్వరయ్య టెర్మినల్)లోనో ఆగుతాయి. యశ్వంతపూర్ అయితే ఇబ్బంది లేదు, ఆ మెట్రో స్టేషన్ కూడా గ్రీన్ లైన్ మీదే ఉంది, మారకుండా నేషనల్ కాలేజ్‌కి వచ్చేయొచ్చు. కాకపోతే సామాను అక్కడే వదిలితే మళ్లీ అక్కడికే వెళ్లాలి, మైసూరు రైలు అక్కడినుంచి కాదు కదా. ఎస్‌ఎంవీటీ అయితే మెట్రో నడిచిపోయే దూరంలో ఉండదు. ఆటోలో పర్పుల్ లైన్ మీద బయ్యప్పనహళ్లి స్టేషన్‌కి వచ్చి, మెజెస్టిక్‌లో మారాలి. ఆ రెండు సందర్భాల్లోనూ ముందు పెట్టెలతో కేఎస్‌ఆర్‌కి చేరి, అక్కడి క్లోక్‌రూమ్‌లో పెట్టి, అప్పుడు కాఫీకి బయలుదేరండి. ఎస్‌ఎంవీటీ నుంచైతే ఇందుకు గంటంపావు పడుతుంది, అంటే మీకు ఒక్క మజిలీకే వేళ మిగులుతుంది. నాన్నగారికి కూర్చునే చోటు కావాలి గనక ఆ ఒక్కటీ విద్యార్థి భవన్ చేసుకోండి, శుక్రవారమైతే మహాలక్ష్మి.